హెలెన్ కెల్లర్: నీళ్ళ పంపు తరువాత ఎనభై ఏళ్ళు



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి శాఖలవారం కలిసి తెస్తున్న ఈ ప్రత్యేక సంచికకు, జబ్బుతోనో అవయవ లోపంతోనో కాలం గడుపుతూ ఆ బ్రతుకును పుస్తకంగా వ్రాసుకున్న ఒక స్త్రీ జీవితం వ్రాసి ఇమ్మని సంపాదక వర్గంవారు నన్ను అడిగారు. 2016 అక్టోబరు 11న జిల్లాలు వేరయ్యేదాకా మనమంతా వరంగల్ జిల్లా వాళ్ళమే. పాత పరిచయాల బలంతో, తప్పులుంటే సర్దుకుంటారన్న ధైర్యంతో ఒప్పుకున్నాను.

మన ఆడవాళ్ళు జైలు గురించి వ్రాశారు, ఉద్యమాల గురించి వ్రాశారు, వైధవ్యం గురించి, సినిమాల గురించి వ్రాశారు. ఒంటి బాధ గురించి మాత్రం ఇరుగమ్మకు చెప్పుకున్నంతగా కాగితం మీద పెట్టలేదు. అందుకని దూరదేశం వెళ్ళవలసి వచ్చింది. నేను ఎంచుకున్నది అమెరికా దేశస్థురాలు హెలెన్ కెల్లర్ గారిని.

ఆవిడ ఎవరో తెలియనివారు మనలో ఉండరు. 31 ఏళ్ళు ప్రభుత్వ పాఠశాలల్లో పంతులమ్మగా పనిచేసిన నేను ఆమె పాఠం పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చూపు, వినికిడి లేని పాప, ఓపికగల టీచరమ్మ, నీళ్ళ పంపు, చేతిమీద పడే చల్లని నీళ్ళు, అరచేతిలో అక్షరాలు. అక్కడ పాఠం అయిపోయేది, గంట కొట్టేవారు. అప్పటికి హెలెన్ వయసు ఏడేళ్ళు కూడా నిండలేదు. ఆ తరువాత ఆమె మరో 81 ఏళ్ళు బ్రతికారు. ఆ 81 ఏళ్ళలో ఏం చేశారని నన్ను ఏ పిల్లవాడూ అడగలేదు, పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. రిటైరయ్యాక తీరికగా ఆమె పుస్తకాలు చదివాను. చదివినకొద్దీ నాకు అర్థమైనది ఏమిటంటే, కళ్ళూ చెవులూ లేకపోవడం కంటే, తన మాట తనదేనని లోకాన్ని ఒప్పించడానికే ఆవిడ ఎక్కువ కష్టపడ్డారు. అందుకే పంపు దాకా కథను త్వరగా చెప్పి ముందుకు వెళతాను.

1880 జూన్ 27న అలబామా రాష్ట్రంలోని టస్కంబియా అనే చిన్న పట్టణంలో ఆమె జన్మించారు. తండ్రి ఆర్థర్ కెల్లర్ అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన కెప్టెనుగా ఉండి, తరువాత ఊళ్ళో పత్రిక నడిపారు. తల్లి పేరు కేట్. 1882 ఫిబ్రవరిలో, పాపకు 19 నెలలప్పుడు, పెద్ద జ్వరం వచ్చింది. పొట్టకు, మెదడుకు పట్టిన జ్వరమని అప్పటి వైద్యులు అన్నారు. మెదడు పొరలు వాచే మెనింజైటిస్ అయి ఉండవచ్చునని ఇప్పటి వైద్యుల అభిప్రాయం. జ్వరం దిగిందని ఇంటిల్లిపాదీ సంతోషించారు. చూపు, వినికిడి పోయాయని తెలియడానికి కొన్ని రోజులు పట్టింది.

ఆ ఇంట్లో వంటమనిషి కూతురు మార్తా వాషింగ్టన్ అనే నల్లజాతి పిల్ల హెలెన్ కు తోడు. వాళ్ళిద్దరూ కలిసి అరవై దాకా సైగలు కల్పించుకున్నారు. ఈ సంగతి పాఠాల్లో ఉండదు. టీచరమ్మ వచ్చేదాకా ఆ పిల్లకు భాషే లేదని చెబుతాం గాని, రొట్టె కావాలంటే కోసి వెన్న రాస్తున్నట్టు చెయ్యి కదిలించడం భాష కాకపోతే మరేమిటి?

తల్లి కేట్ చదువరి. బోస్టనులో చూపూ వినికిడీ లేని లారా బ్రిడ్జిమన్ అనే అమ్మాయికి చదువు నేర్పారని డికెన్స్ వ్రాసిన ప్రయాణ పుస్తకంలో చదివి ఆశపడింది. డాక్టర్ల చుట్టూ తిరిగి, టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ గారి దగ్గరకు వెళ్ళారు. చెవిటివారి చదువు ఆయనకు ప్రాణం. ఆయన సలహాతో బోస్టనులోని పెర్కిన్స్ అంధుల పాఠశాలకు వ్రాస్తే, అక్కడినుంచి 1887 మార్చి 3న ఆనీ సల్లివాన్ వచ్చారు. ఆమెకు అప్పటికి 20 ఏళ్ళు.

ఆనీ కథ కూడా చెప్పాలి. ఆమె పేద ఐరిష్ కుటుంబపు పిల్ల. చిన్నప్పుడే ట్రకోమా అనే కంటిజబ్బు సోకి చూపు బాగా దెబ్బతిన్నది. (మన దేశంలో ఆ జబ్బు ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది. మా చిన్నతనంలో కళ్ళు పుసులుకట్టి కనిపించని పిల్లలు వాడకొకరు ఉండేవారు.) తల్లి చనిపోయాక 1876లో ఆమెను, తమ్ముణ్ణి టూక్స్‌బరీ అనే ఊరిలోని అనాథల, రోగుల సత్రంలో వేశారు. తమ్ముడు కొద్ది నెలల్లోనే అక్కడ పోయాడు. నాలుగేళ్ళు ఆ సత్రంలో గడిపి, చదువుకుంటానని పట్టుబట్టి పెర్కిన్స్ కు చేరి, తరగతిలో మొదటిదిగా నిలిచింది. ఈ సత్రం సంగతిని ఆనీ దాదాపు జీవితమంతా దాచిపెట్టారు. పగలూ రాత్రీ చెయ్యి వదలని హెలెన్ కు కూడా యాభై ఏళ్ళ వయసు దగ్గర పడ్డాకే చెప్పారు.

1887 ఏప్రిల్ 5న పంపు దగ్గర జరిగింది మీకు తెలిసినదే. వస్తువుకు పేరు ఉంటుందని ఆ పిల్లకు తట్టింది. అక్కడినుంచి చదువు పరుగెత్తింది. బ్రెయిలీ చదవడం, వ్రాయడం, టైపు మిషను కొట్టడం, 1890లో గొంతుతో మాట్లాడడం కూడా నేర్చారు. గొంతు మాత్రం ఆఖరుదాకా కొత్తవాళ్ళకు సరిగా అర్థమయ్యేది కాదు. అది ఆమెకు తీరని కొరత.

ఇక్కడ ఆగి ఒక దుర్ఘటన గురించి వివరంగా చెప్పాలి. 1891లో, 11 ఏళ్ళ హెలెన్, మంచు రాజు గురించి ఒక కథ వ్రాసి, పెర్కిన్స్ పాఠశాల అధిపతి అనాగ్నోస్ గారికి పుట్టినరోజు కానుకగా పంపింది. ఆయన మురిసిపోయి అచ్చు వేయించారు. కొద్ది కాలానికే ఎవరో గుర్తుపట్టారు. మార్గరెట్ కాన్‌బీ అనే రచయిత్రి చాలా ఏళ్ళ క్రితమే అచ్చం అలాంటి కథ వ్రాసి ఉంది. విచారిస్తే, మూడేళ్ళ క్రితం వేసవిలో ఒక స్నేహితురాలి ఇంట్లో ఆ పుస్తకం పాప అరచేతిలో ఎవరో చదివి వినిపించారని తేలింది. విన్న సంగతి పిల్లకు గుర్తు లేదు, మాటలు మాత్రం లోపల నిలిచిపోయాయి.

కన్నూ చెవీ ఉన్న పిల్లలకు ఇది రోజూ జరిగేదే. నా తరగతిలో పిల్లలు రేడియోలో విన్న కథను తమ కథగా వ్రాసి తెచ్చేవారు, నేను నవ్వి ఊరుకొనేదాన్ని. కాని హెలెన్ విషయంలో విచారణ సంఘం వేశారు. 1892లో పాఠశాల ఉపాధ్యాయులు, అధికారులు కలిసి ఎనిమిది మంది, పైన అనాగ్నోస్ గారు. ఆనీని బయటకు పంపించి, 11 ఏళ్ళ పిల్లను ఒంటరిగా నిలబెట్టి ప్రశ్నలు వేశారు. ఓట్లు సగం సగం చీలాయి. అనాగ్నోస్ గారు అప్పటికి పిల్ల పక్షాన నిలిచినా తరువాత మనసు మార్చుకున్నారు. అసలు కథ వ్రాసిన కాన్‌బీ గారే దయగా పిల్లను ఓదారుస్తూ ఉత్తరం వ్రాశారు. చాలా ఏళ్ళ తరువాత ఈ సంగతి చదివిన మార్క్ ట్వేన్ ఆ విచారణ చేసినవారిని తిట్టిపోస్తూ హెలెన్ కు ఉత్తరం వ్రాశారు. కాని దెబ్బ తగిలింది. ఆమె మళ్ళీ కల్పిత కథ జోలికి పోలేదు. తల్లికి ఉత్తరం వ్రాస్తున్నా, ఈ వాక్యం నాదేనా, ఎక్కడైనా చదివినదా అని భయం పట్టుకొనేది. ఆ భయాన్ని ఆమె దాచుకోలేదు. తన మొదటి పుస్తకంలో ఒక అధ్యాయమంతా దీనికే ఇచ్చారు. ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం అది.

1896లో తండ్రి పోయారు. అదే ఏడాది కేంబ్రిడ్జిలో బాలికల పాఠశాలలో చేరి, 1900లో రాడ్‌క్లిఫ్ కాలేజీలో ప్రవేశించారు. పాఠాలన్నీ ఆనీ పక్కన కూర్చుని అరచేతిలో వ్రాసేవారు. పుస్తకాల్లో బ్రెయిలీలో దొరికేవి కొద్ది. మిగిలినవి ఆనీ తన అరకొర చూపుతో చదివి చేతిలో పెట్టాలి. దానికి తోడు అప్పట్లో అమెరికాలో చుక్కల లిపులు ఒకటి కాదు, నాలుగైదు రకాలు. పరీక్షకు కూర్చుంటే లెక్కల గుర్తులు వేరే పద్ధతిలో వచ్చి హెలెన్ తికమకపడ్డారు. ఇంగ్లీషు దేశాలన్నిటికీ ఒకే బ్రెయిలీ కుదిరేసరికి 1932 అయింది. మన దగ్గర తెలుగుతో సహా భారతీయ భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ 1951లో వచ్చింది. 1904లో ఆమె బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. చూపూ వినికిడీ రెండూ లేనివారిలో ఆ పట్టా పొందిన మొదటి వ్యక్తి ఆమే. పట్టా మీద ఆనీ పేరు మాత్రం లేదు.

కాలేజీలో వ్యాసరచన చెప్పే కోప్‌లాండ్ గారు, పుస్తకాల్లో చదివినది కాక నీ అనుభవం వ్రాయమని ప్రోత్సహించారు. అలా వ్రాసిన కాగితాలే ఆమె జీవితకథకు మూలం. 1902లో ఒక స్త్రీల పత్రికలో ధారావాహికంగా, 1903లో పుస్తకంగా వచ్చింది. జాన్ మేసీ అనే యువ అధ్యాపకుడు కూర్పులో సాయం చేశారు. ఆయనే 1905లో ఆనీని పెళ్ళాడారు.

ఆమె ఎలా వ్రాసేవారో తెలిస్తే ఇప్పుడు సెల్‌ఫోనులో అక్షరం తప్పితే విసుక్కొనే మనకు కొంచెం సిగ్గు వేస్తుంది. ముందు బ్రెయిలీలో ముక్కలు ముక్కలుగా నోట్సు. తరువాత టైపు మిషను మీద. టైపు చేసిన కాగితం ఆమె చదువుకోలేరు కదా! మధ్యలో ఎవరైనా వచ్చి పలకరిస్తే ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకోవాలి. చివరికి పేజీలన్నీ ఆనీ అరచేతిలో చదివితే, ఇది ముందుకు, అది వెనక్కు అని మార్చుకొనేవారు. ఇంత శ్రమపడితే కొందరు సమీక్షకులు ఏమన్నారు? రంగుల గురించి, కొండల గురించి ఈమెకు ఏం తెలుసు, అంతా విన్న మాటలేనని. 1933లో, తానూ చూపు లేనివాడే అయిన కట్స్‌ఫోర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కూడా, అంధ పిల్లలకు చూపున్నవారి మాటలు అరువిచ్చి మోసం చేస్తున్నారని వ్రాస్తూ హెలెన్ నే ఉదాహరణగా చూపించారు. ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని అరువు మాటలు వాడనివారు ఎవరండీ? నేను సముద్రం చూడకముందే పిల్లలకు సముద్రం పాఠం చెప్పాను.

దీనికి హెలెన్ ఇచ్చిన జవాబు 1908లో వచ్చిన రెండో పుస్తకం, తాను నివసించే లోకం గురించి. మన సభ్యులు ఒక్క పుస్తకమే చదవగలిగితే ఇది చదవండి. అందులో చేతుల గురించి ఉంది. చేయి కలిపితే మనిషి స్వభావం ఎలా తెలుస్తుందో ఉంది. నేల అదురును బట్టి నడిచేది చిన్నవాడా పెద్దవాడా, కోపంగా ఉన్నాడా అలసి ఉన్నాడా అన్నది ఉంది. వాసనల గురించి ఉన్నది మరీ బాగుంటుంది. వాన వచ్చే ముందు గంటల కొద్దీ ముందుగా వాసన పసిగట్టేవారు. మనిషి దగ్గరకు వస్తే వడ్రంగమా, ఇనుప పనా, మందుల కొట్టా అన్నది బట్టల వాసనే చెప్పేది. నేను మానుకోట మనిషిని. మిర్చి సీజనులో కళ్ళు మూసుకొని వచ్చినా బజారు ఎక్కడిదాకా వచ్చిందో ముక్కు చెబుతుంది. ఆ అధ్యాయం చదువుతుంటే అదే గుర్తుకు వచ్చింది. లేనిదాన్ని గురించి ఏడవకుండా, ఉన్నదాన్ని ఇంత వివరంగా చెప్పిన పుస్తకం అది.

ఆ పుస్తకం ముందుమాటలోనే ఆమె ఒక ఫిర్యాదు చేశారు. మిగతా రచయితలకు విషయం మార్చుకొనే స్వేచ్ఛ ఉంది, నాకు లేదు. చదువుల విధానం మార్చడం గురించి వ్రాస్తానంటే, అది సరే గాని ఆరేళ్ళప్పుడు నీ మనసులో ఏముందో చెప్పమంటారు అని ఆ ఫిర్యాదు సారాంశం. నవ్వుతూ అన్నా అది నవ్వులాట కాదు. ఆమెను అందరూ పంపు దగ్గరే నిలబెట్టాలనుకున్నారు.

ఆమె నిలబడలేదు. 1907లోనే ఆడవాళ్ళ పత్రికలో, అప్పటిదాకా మర్యాదస్థులు నోరెత్తని విషయం ఒకటి వ్రాశారు. పుట్టిన కొద్ది రోజుల్లో పసికందుల కళ్ళు పోవడానికి తండ్రి నుంచి తల్లికి అంటిన సుఖరోగం ఒక పెద్ద కారణమని, పుట్టగానే సిల్వర్ నైట్రేట్ చుక్కలు కళ్ళలో వేస్తే చూపు నిలుస్తుందని చెప్పారు. ఆ చుక్కల సంగతి వైద్యులకు 1880ల నుంచీ తెలుసు. తల్లులకు చెప్పడానికే ఎవరికీ నోరు రాలేదు.

1909లో సోషలిస్టు పార్టీలో చేరారు. అంధుల సంస్థల లెక్కలు చూస్తే గుడ్డితనం ఎక్కువగా పేదవాళ్ళకే ఎందుకు వస్తున్నదని ఆమె ప్రశ్న. ఫ్యాక్టరీ ప్రమాదాలు, ఇరుకు ఇళ్ళు, వైద్యం లేకపోవడం కనిపించాయి. స్త్రీలకు ఓటు హక్కు కావాలన్నారు, కార్మికుల సమ్మెలను సమర్థించారు. వెంటనే పత్రికల ధోరణి మారింది. బ్రూక్లిన్ పత్రిక సంపాదకుడు ఒకాయన, అంతకుముందు ఎదురుపడినప్పుడు ఆకాశానికి ఎత్తినవాడే, ఇప్పుడు ఆమె పొరపాటు అభిప్రాయాలకు ఆమె లోపాలే కారణమని వ్రాశాడు. 1912లో ఆమె ఘాటుగా జవాబిచ్చారు. పొగిడినప్పుడు గుర్తుకురాని గుడ్డితనం, చెవుడు విభేదించగానే గుర్తుకు వచ్చాయా అన్నది దాని భావం. 1913లో ఆ వ్యాసాలన్నీ పుస్తకంగా వేస్తే అమ్ముడు పోలేదు. 1933లో జర్మనీలో నాజీ విద్యార్థులు ఆమె పుస్తకాన్ని కూడా మంటల్లో వేశారు.

ఇక్కడ నా సొంత మాట ఒకటి. నా చెవులు కొన్నేళ్ళుగా బాగా తగ్గాయి, మిషను పెట్టుకుంటాను. ఎక్కడికైనా వెళితే ఎదుటివారు నా వైపు చూడకుండా కోడలి వైపు తిరిగి, అమ్మకు ఏం బాధ, అమ్మ ఏం తింటుంది అని అడుగుతారు. అమ్మ ఇక్కడే ఉంది కదా! భూపాలపల్లిలో బొగ్గు బావుల్లో పనిచేసి మోతకు చెవులు పోగొట్టుకున్న అన్నలకు ఇది నేను చెప్పనక్కర లేదు. హెలెన్ కు ఇది పుట్టినూరు దాటిన నాటినుంచి జరిగింది. ప్రశ్న ఆనీకి వేసేవారు. జవాబు హెలెన్ చెబితే, అది ఆనీ చెప్పించిందని అనేవారు.

అలాగని ఆమె అన్న ప్రతి మాటనూ నేను నెత్తిన పెట్టుకోను. 1915లో చికాగోలో తీవ్రమైన లోపాలతో పుట్టిన ఒక శిశువుకు ఆపరేషను చేయకుండా వదిలేసిన వైద్యుణ్ణి ఆమె సమర్థిస్తూ వ్రాశారు. అలాంటి బ్రతుకు బ్రతుకే కాదన్న ఆ రోజుల వాదం ఆమెనూ పట్టుకున్నది. తనను చూసి కూడా లోకం అదే మాట అనగలదని ఆమెకు ఎందుకు తట్టలేదో! 1938లో మరో పసిపాపకు కళ్ళు తీస్తేనే ప్రాణం దక్కుతుందని చర్చ వచ్చినప్పుడు మాత్రం ఆపరేషను చేయించమనే చెప్పారు. గొప్పవారి జీవితం వ్రాసేటప్పుడు ఇలాంటివి వదిలేసే అలవాటు మనకుంది, నాకు అది ఇష్టం లేదు.

ఇక మన పెన్షనర్లకు ఆసక్తి కలిగించే సంగతి. కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ ఆమెకు పెన్షను ఇస్తానన్నాడు. సోషలిస్టును, కోటీశ్వరుడి డబ్బు ఎలా తీసుకుంటానని ఆమె వద్దన్నారు. 1913 ఏప్రిల్లో ఉపన్యాసాల కోసం ఇద్దరూ మెయిన్ రాష్ట్రంలో ఒక ఊరికి వెళ్ళారు. హోటలు గదిలో ఆనీకి ఒక్కసారిగా ఒళ్ళు తెలియని జ్వరం. హెలెన్ కు ఫోను చేయడం రాదు, వరండాలో ఎవరు వెళుతున్నారో తెలియదు, పిలిస్తే మాట కొత్తవాళ్ళకు అర్థం కాదు. ఎలాగో హోటలువారి సాయంతో వైద్యం జరిగి, ఇల్లు చేరారు. అప్పుడు కార్నెగీకి ఉత్తరం వ్రాసి పెన్షను ఒప్పుకున్నారు. ఏడాదికి 5,000 డాలర్లు. సిద్ధాంతం తప్పారని ఎగతాళి చేసినవారు ఉన్నారు. నెల మొదటి తారీఖు విలువ తెలిసిన మనం అలా అనలేము.

ఆ డబ్బుతోనూ సంసారం గట్టెక్కలేదు. మేసీ ఇల్లు విడిచి వెళ్ళాడు. 1914లో స్కాట్లండ్ అమ్మాయి పాలీ థామ్సన్ సాయానికి వచ్చారు. 1916లో ఆనీ జబ్బుపడి దూరంగా ఉన్నప్పుడు, తాత్కాలికంగా కార్యదర్శి పని చేస్తున్న పీటర్ ఫాగన్ అనే యువకుడు హెలెన్ ను ప్రేమించాడు. వేలి అక్షరాలు నేర్చుకున్నాడు. ఇద్దరూ పెళ్ళికి అనుమతి పత్రం కూడా తీసుకున్నారు. పేపర్లో పడింది. తల్లి కేట్ అతన్ని వెళ్ళగొట్టింది. అప్పటికి హెలెన్ కు 36 ఏళ్ళు, పుస్తకాలు వ్రాసిన మనిషి, దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చిన మనిషి. ఆమె పెళ్ళి ఆమె ఇష్టం కాలేదు. 1929లో వచ్చిన మలి జీవితకథలో ఈ సంగతి వ్రాశారు గాని చాలా క్లుప్తంగా, అతని పేరు చెప్పకుండా, ఎవరినీ నిందించకుండా. ఆ కొద్ది పంక్తుల్లో ఉన్న సంతోషం చూస్తే, చెప్పనిది ఎంత ఉందో ఆడవాళ్ళకు అర్థమవుతుంది.

1920 నుంచి 1924 దాకా ఊరూరా తిరిగే వినోద ప్రదర్శనల్లో ఆమె, ఆనీ పాల్గొన్నారు. గారడీవాళ్ళు, కుక్కల ఆటలు, మధ్యలో వీళ్ళ 20 నిమిషాలు. ప్రేక్షకులు అడిగే ప్రశ్నలకు హెలెన్ చమత్కారంగా జవాబులిచ్చేవారు. పెద్దమనుషులు చిన్నచూపు చూశారు. హెలెన్ మాత్రం ఆ జనాన్ని, ఆ పనిని ఇష్టపడ్డారు. ఎవరి దయా కాకుండా సంపాదించిన డబ్బు అది. 1921లో ప్రదర్శనకు రెండు గంటల ముందు తల్లి పోయిందని తెలిసింది. ఆ పూట కూడా వేదిక ఎక్కారు.

1924 నుంచి అమెరికా అంధుల సంస్థకు విరాళాలు సేకరించే పని చేపట్టి జీవితాంతం చేశారు. 1925 జూన్ 30న ఒహాయోలో లయన్స్ క్లబ్బుల మహాసభకు వెళ్ళి, అంధత్వంపై పోరాటాన్ని మీ పనిగా తీసుకోండని కోరారు. వాళ్ళు తీసుకున్నారు. మన పట్టణాల్లో లయన్స్ వారి కంటి శిబిరాల్లో శుక్లాలు తీయించుకున్న సభ్యులు, ఆ శిబిరాల వెనుక ఈ చూపులేని మనిషి మాట ఉందని గుర్తుంచుకోవాలి. 2018లోనూ 2023లోనూ మన రాష్ట్రంలో కంటివెలుగు పేరుతో ఊరూరా పరీక్షలు జరిగినప్పుడు నాకు ఆమె గుర్తుకు వచ్చారు. అంధుల పుస్తకాల కోసం అమెరికా పార్లమెంటు కమిటీ ముందు ఆమె మాట్లాడాక, 1931లో ఏటా లక్ష డాలర్లు ఇచ్చే చట్టం వచ్చింది. 1935 నాటి సాంఘిక భద్రతా చట్టంలో అంధులకు నెల నెలా సాయం చేర్పించడంలో కూడా ఆమె కృషి ఉంది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, చూపూ వినికిడీ రెండూ లేకపోవడాన్ని పేరు పెట్టి గుర్తించింది.

1936 అక్టోబరు 20న ఆనీ కన్నుమూశారు. చివరి రోజుల్లో ఆమెకు చూపు పూర్తిగా పోయింది. బ్రెయిలీ కొత్త పద్ధతిలో చదవడం ఆమెకు హెలెన్ నేర్పవలసి వచ్చింది. టీచరు పోతే హెలెన్ వ్రాయగలదా అని ఎదురుచూసినవారు ఉన్నారు. ఆ దుఃఖంలో వ్రాసిన దినచర్య 1938లో పుస్తకంగా వచ్చింది. విమర్శకుల సందేహానికి అంతకంటే జవాబు అక్కర లేదు.

తరువాత ఆనీ జీవితకథ వ్రాయడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళ నోట్సు, సగానికి పైగా వ్రాసిన కాగితాలు, 1946లో ఆమె ఐరోపాలో ఉండగా ఇల్లు అంటుకొని బూడిదయ్యాయి. అప్పటికి 66 ఏళ్ళు. మన వాళ్ళమైతే చేతులెత్తేసేవాళ్ళం. ఆమె మళ్ళీ మొదటినుంచి జ్ఞాపకం మీద వ్రాశారు, 1955లో టీచర్ అన్న పేరుతో అచ్చయింది. అందులో ఆనీ కోపాలు, దిగులు, పట్టుదల అన్నీ ఉన్నాయి. దేవతను చేయలేదు.

అదే 1955లో, 75వ ఏట, పాలీతో కలిసి ఆసియా దేశాలు తిరిగారు. 40,000 మైళ్ళ ప్రయాణం. మన దేశానికీ వచ్చారు. ఢిల్లీలో నెహ్రూ గారి ముఖం వేళ్ళతో తడిమి చూసిన ఫోటో ప్రసిద్ధం. అంతకుముందే అమెరికాలో రవీంద్రుణ్ణి కలుసుకున్నారు. మొత్తం మీద 35 దేశాలకు పైగా చూశారు. 1948లో హిరోషిమా కూడా. ఆ ఏడాది జూన్ లోనే హార్వర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టా పొందిన మొదటి స్త్రీ అయ్యారు. ఇక్కడ ఏడాది అంటే 1955 అని నా భావం.

1960లో పాలీ పోయారు. 1961లో హెలెన్ కు పక్షవాతం వచ్చింది. ఆ తరువాత బయటి సభలకు రాలేదు. 1962లో ఆమె కథ సినిమాగా వచ్చి పెద్ద పేరు తెచ్చుకుంది; అదీ నీళ్ళ పంపుతోనే ముగుస్తుంది. 1964లో అమెరికా అధ్యక్షుడు ఇచ్చే అత్యున్నత పౌర పతకం ప్రకటించినప్పుడు ఆమె ఇంటి పట్టునే ఉన్నారు. 1968 జూన్ 1న, 88వ పుట్టినరోజుకు నాలుగు వారాల ముందు, కనెక్టికట్ లోని ఇంట్లో నిద్రలోనే పోయారు. దహనం చేసి, చితాభస్మాన్ని వాషింగ్టన్ లోని పెద్ద చర్చిలో ఆనీ, పాలీల పక్కనే ఉంచారు. అక్కడి ఫలకం మీద హెలెన్, ఆనీల పేర్లు బ్రెయిలీలో కూడా ఉన్నాయి.